పండుగకు ముందు మామిడికాయ

2004 మార్చి, ఆదివారం రాత్రి
సారపాక

నోటి దూల అంటే ఇదే. పోయిన వారం ఓపెన్ డిగ్రీ క్లాసులో చైనా పాఠం చెబుతూ, తావో, కన్ఫ్యూషియస్ బోధనలు మతాలా, తత్వాలా అన్న చర్చ తెచ్చాను. అక్కడ గుళ్ళున్నాయనీ, పితరులకు ధూపం వేసి మొక్కుతారనీ చెప్పి కూడా, చివరికి తత్వాలేనని తేల్చేశాను. "మతమైతే నియమం తప్పడానికి భయం. తత్వమైతే తప్పినా ఏమీ కాదు" అన్నాను, పెద్ద తెలిసినట్టు.

అంగన్‌వాడీలో పనిచేసే జోగమ్మ లేచింది. "మరి మా కోయోళ్ళది ఏంది సార్? మాకు పుస్తకం లేదు."

"అదీ తత్వమే" అన్నాను. ఆలోచించను కూడా లేదు.

ఈరోజు క్లాసు అయ్యాక ఆమె ఆగింది. వాళ్ళ గూడెంలో పండుగ చేసి వేల్పులకు పెట్టందే కొత్త మామిడికాయ ఎవరూ ముట్టరు. ఈమె నా మాట పట్టుకుని మొన్న అందరి ముందే కొరికిందట.

"తెల్లారి మా అన్న వెదురు కొట్టనీకి అడవికి పోయిండు సార్. ఇంకా రాలే. అందరూ నన్నే అంటున్నరు. రేపు పంచాయితీ పెడ్తరట. మీరొచ్చి నాకు చెప్పింది గట్లనే వాళ్ళకు చెప్పుండ్రి."

వస్తానన్నాను. అడవిలో మనిషి దారి తప్పడం కొత్తా? కాయకీ దానికీ ఏం సంబంధం?

ఇంటికొస్తే మా ఆవిడ మామిడికాయ పప్పు వడ్డించింది. ముద్ద కలిపాను. చెయ్యి నోటిదాకా పోలేదు. "వాళ్ళ పండుగ ఇంకా కాలేదు" అనేసి, వేరే కంచంలో మజ్జిగన్నం తిన్నాను.

రేపు ఈ నోటితోనే వాళ్ళకు చెప్పాలి.