మన ఖోలీలో తీసిన ఫోటో

అన్నా,

పోయిన ఆదివారం నీ సంవత్సరీకం అయింది. దాదర్ నుంచి చిన్నమ్మ వాళ్లు కూడా వచ్చారు. అందరూ ఉన్నప్పుడే ఒక ఫోటో తియ్యమని అమ్మ పట్టుబట్టింది. నువ్వు పోయాక ఎవరూ ముట్టుకోని నీ రేంజ్‌ఫైండర్ కెమెరాను పెట్టెలోంచి నేనే తీశాను.

మన కామాటిపుర ఖోలీలో, ఆ ఒక్క గదిలో, వెనక్కి జరగడానికి చోటెక్కడిది? గోడకు వీపు ఆనించి నీ వైడ్ లెన్సు బిగించాను. నీ కెమెరాకున్న కిటికీ లెన్సులోంచి చూపించదు కదా, అందులోంచి చూస్తే మధ్యలో ఉన్న నలుగురే కనిపించారు. ఆ లెన్సు కోసం నువ్వు విడిగా కొన్న చిన్న వ్యూఫైండర్‌ను పైన తగిలించాకే అంచుల్లో కూర్చున్నవాళ్లు కనబడ్డారు. అది లెన్సుకంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి, దగ్గర్నుంచి తీస్తే తలలు తెగుతాయని నువ్వు అనేవాడివి. అందుకే పైన కొంత చోటు వదిలాను.

"కాకా, లవకర్!" అని నీ కూతురు మరాఠీలో తొందరపెట్టింది.

నిన్న గ్రాంట్ రోడ్డు స్టూడియో నుంచి ఫోటో తెచ్చాను. ఒక్క తల కూడా తెగలేదు. నువ్వు పోయినప్పటినుంచి అమ్మకు మతి నిలవడం లేదు. ఒక్కొక్క మొహం మీద వేలు పెట్టుకుంటూ పోయి, చివర ఆగింది.

"పెద్దోడేడిరా?"

"అన్న లేడు గదమ్మా."

"గీ లెన్సుల ఎవ్వరు బయట ఉండరని వాడే చెప్పిండు. నువ్వు సరిగ్గ సూడలే. మల్ల తియ్యి."

వదిన లేచి బయటికి వెళ్లిపోయింది.

ఈ పొద్దున అమ్మ మంచి చీర కట్టుకుని, పక్కన నీకు చోటు వదిలి కూర్చుంది. కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను అన్నా. కన్ను పెట్టి చూడలేకపోయాను.

తమ్ముడు