పెట్రోలు ముల్లు లేచింది

ఏమండీ,

మీరు పోయి ఈరోజుకు ఏడాది. మీ పేరిట నవాకా ఊళ్లో భజన పెట్టించాను. మన ఊరు లోవు నుంచి కారు నేనే నడుపుకుంటూ వెళ్లాను!

పెట్రోలు ముల్లు ఎప్పుడూ ఖాళీ అనే చూపించేది కదా. మీరు మీటరు మార్చినా కదల్లేదు. మీ తమ్ముడేమో, "వదినా, ఈ గాడీ బేచ్ దో, అమ్మేయ్. దారిలో బంద్ అయితే ఏం చేస్తావు?" అని ఒకటే పోరు.

మొన్న ట్యాంకు నుంచి మీటరుకు పోయే తీగ ఊడదీసి కారు ఇనుముకు తాకించాను. ముల్లు ఒక్కసారిగా చివరిదాకా లేచింది. మీటరు మంచిదే, తప్పు ట్యాంకులోనే ఉందని తెలిసిపోయింది. లోపల పెట్రోలు మీద తేలాల్సిన ఇత్తడి బుడ్డిని బయటికి తీసి ఊపితే గలగలమంది. సన్నని చిల్లు పడి, పెట్రోలు నిండి, అడుగున మునిగిపోయింది పాపం. ఆ పెట్రోలు ఒంపేసి, వేడినీళ్లతో కడిగి, బాగా ఎండబెట్టాను. మీరు రేడియోలకు వేస్తుంటే చూసి నేర్చుకున్న టంకం నేనే వేశాను.

ఈ పొద్దున ట్యాంకు సగం నింపిస్తే ముల్లు సరిగ్గా సగం దగ్గర నిలబడింది. మీ తమ్ముడు, "అరే వదినా! కైసే చేశావు?" అని నోరు తెరిచాడు. "బైఠో," అని పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాను.

భజన అయ్యాక, తాను నడుపుతానని తాళం అడిగాడు.

ఇవ్వలేదండీ.