నాలుకకు వదిలిన సందు

అయ్యా,

నేను చేసిన కుక్క దవడ పట్టీని మీరు పోటీలో బొమ్మ కుక్కకు తొడిగి చూసి, "వదులుగా ఉంది, పనితనం లేదు" అని రాశారు. పనితనం అన్న మాట నాకెంతో ఇష్టమండీ. బొమ్మకు ఒగర్చే పని లేదు. నిజం కుక్క నాలుక బయటపెట్టి ఒగర్చకపోతే ఒంట్లో వేడి దిగదు. అందుకే వేలెడు సందు వదిలాను.

"వీధికుక్కకు ఇన్ని సోకులా?" అని మీలో ఒకరు నవ్వారు. పాత సంచి పట్టీ, అరిగిన చెప్పు రబ్బరు! ఇందులో సోకేముంది?

బహుమతి మీరే ఉంచుకోండి. బీరువాలో పెట్టి తాళం వేసిన పట్టీ మాత్రం ఇప్పించండి. అది నమూనా కాదు. బండి గుద్ది దవడ విరిగిన మా వీధికుక్క మూతివంకరది. ఒక్కపూటే అన్నారని విప్పి తెచ్చాను. నిన్నటి నుంచి అది తాగిన పాలన్నీ నోట్లోంచి కారిపోతున్నాయి. అయినా గిన్నె దగ్గర నుంచి లేవడం లేదు.

తాళం తీసేదాకా మీ గుమ్మంలోనే ఉండే
విద్యార్థిని