పేరంటానికి సుజాత కూడా

శ్రావణ గురువారం, రాత్రి. దేవేంద్ర నగర్.

ఇంకా నిద్ర పట్టడం లేదు. ఇవాళ భయంతో కాదు, సంతోషంతోనే అనుకుంటా.

విడాకులైన దగ్గర్నుంచి నా కూతురు సుజాత గోడవైపు తిరిగి కూచోవడం, దాని మాటలన్నీ నేను మాట్లాడెయ్యడం. మనసు డాక్టరమ్మ దాన్ని ఏదడిగినా జవాబు నాదే. పోయినసారి ఆవిడ నవ్వుతూ హిందీలో, "మా జీ, బిటియాకో బోల్నే దీజియే" అంది. అమ్మాయిని మాట్లాడనివ్వాలట. అదేం వైద్యమో అనుకున్నాను.

సాయంత్రం ఎదురింటి పార్వతి కుంకుమ భరిణతో వచ్చింది, రేపటి వరలక్ష్మీ పేరంటానికి పిలవడానికి. నాకు బొట్టు పెట్టి, "సుజాతా, దామాద్‌గారు ఈ పండక్కీ రాలేదేటమ్మా?" అని అల్లుడి గురించి అడిగింది. "ట్రైనింగ్‌లో ఉన్నాడు" అని నేనెప్పుడూ చెప్పే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మేం విడిపోయాం పిన్నీ. తలాక్ అయిపోయింది" అంది సుజాత.

పార్వతి వేలు భరిణలోనే ఆగిపోయింది. నా ప్రాణం పోయినంత పనైంది. సుజాత మాత్రం నుదురు ముందుకు చాపి, "నాకు పెట్టరేటి? నేనూ వస్తాను" అంది!

"అరే, నీకు పెట్టకపోతే ఎవరికెడతానే పిచ్చిపిల్లా!" అని పార్వతి ఇంత బొట్టు పెట్టింది.

రేపు అక్కడ మిగతావాళ్లు ఏమైనా అంటేనో... పొద్దున్నే డాక్టరమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాలి.

వద్దు. సుజాతే చెప్పుకుంటుంది.