సకినాల కార్ఖానా సారవ్వకు, రంగుల టీవీ నా కొడుక్కు

గోదావరిఖని నివాసి, కీర్తిశేషులు మేకల ఆగయ్య భార్య లింగవ్వ అను నేను, వయసు డెబ్బై ఒకటి, చదువు లేదు, మతి ఉంది, నోటితో చెప్పి వ్రాయిస్తున్నాను. మోకాళ్ళు పోయినవి గానీ తెలివి పోలేదు. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతం చేయగలిగిన మనిషి పోయి పదకొండేళ్ళయింది.

1. సకినాల కార్ఖానా నా స్వార్జితం. ఆగయ్య బొగ్గు బాయి పనికి పోతే అరుగు మీద ఒక్క పొయ్యితో మొదలుపెట్టాను. నేడు పద్నాలుగు మంది ఆడవాళ్ళు చేస్తున్నారు. పనికి వచ్చినవారు తమ ఇత్తడి బిళ్ళ తగిలించడానికి ఆగయ్య గోడకు మేకుల పలక కొట్టాడు. బాయి మీద ల్యాంపు రూము పద్ధతే. అక్కడ లోపలికి దిగినవారి బిళ్ళ తిరిగి రాకుంటే మనిషిని వెతుకుతారు. నా దగ్గర మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంటికి పోయి చూసి రావాలి.

2. నా కొడుకు వీరేందర్ చదువుకొని వచ్చి, కార్ఖానాకు కంట్రోల్ లేదని కెమెరాలు, టీవీ పెట్టించాడు. గంటకు చెప్పినన్ని సకినాలు చుట్టినవారి పేరు ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. నాకు అక్షరం రాదు, రంగు తెలుస్తది. అందుకే మురిశాను. అది నా తప్పు, అట్లనే వ్రాయాలి. పనివాళ్ళలో సారవ్వ రోజూ ఎరుపే. ఆమె పిండి తడి చూసేది, నూనె వాసన చూసేది, కొత్తవాళ్ళ వేళ్ళు పట్టి చుట్టడం నేర్పేది. వీటికి టీవీలో గడి లేదు. వీరేందర్ ఆమెను పని మానిపించాడు. నేను పక్కనే కూర్చుని ఊఁ అన్నాను. నెల తిరగకముందే పెద్దపల్లి దుకాణాల నుండి డబ్బాలు వాపసు వచ్చినవి, పాత నూనె కంపు అని. ఆ రోజు కూడా టీవీ నిండా ఆకుపచ్చే. సారవ్వను మళ్ళీ పనికి పిలవడానికి ఆమె ఇంటికి పోతే, "లింగక్కా, నీ టీవీల నేను ఎర్రగున్ననట గదా, ఇప్పుడు ఏ రంగుల కనబడుతున్న?" అన్నది. చాయ మాత్రం పోసింది.

3. కావున నా తదనంతరం కార్ఖానా, పొయ్యిలు, పలక సర్వహక్కులతో సారవ్వకు చెందవలెను.

4. ఇల్లు వీరేందర్‌ది. కెమెరాలు, టీవీ కూడా అతనివే. ఊడదీసుకొని, గోడకు పడిన బొక్కలు పూడ్చి పోవాలి.

5. వెండి కడియాలు కోడలు సంతోషికి. నాతో మాట్లాడని నెలల్లో కూడా నా మోకాళ్ళకు నూనె రాసింది.

6. ఇదంతా జరిపించే బాధ్యత నా మరిది సదయ్యది. మొహమాటం ఎక్కువ మనిషి. జరిపించే రోజు ఆ మొహమాటాన్ని ఇంట్లో పెట్టి రావాలి.

7. వీరేందర్ కోర్టుకు పోతే పోవచ్చు. పని అడిగి వస్తే మాత్రం సారవ్వ కాదనరాదు. నేల మీద కూర్చోబెట్టి, పిండి తడపడం నుండి నేర్పాలి. ఎన్నాళ్ళలో నేర్వాలని అతనికి గడువు పెట్టరాదు.

గోదావరిఖని, 14 నవంబర్ 2024.
మేకల లింగవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: సదానందం, రిటైర్డ్ కార్మికుడు, రఘుపతి, కిరాణా వ్యాపారి.
చెప్పినది చెప్పినట్టు వ్రాసి, చదివి వినిపించినవాడు: భూపాల్, దస్తావేజు లేఖరి.