అమ్మ తీయలేని కేక

యుస్రాకి,

నువ్వు టీవీ పాటల పోటీలో ఫైనల్‌కి వెళ్లావని మన వీధంతా పండగ చేసింది. నాకు మాత్రం ఒళ్లు మండుతోంది. అమ్మకి పుట్టినప్పటి నుంచీ ఆయాసమేనని టీవీలో ఎందుకు చెప్పావు? జీన్స్ పాతగా కనబడాలని మా ఫ్యాక్టరీలో పదమూడేళ్లు వాటి మీద గొట్టంతో ఇసుక కొట్టి, ఆ దుమ్ము పీల్చే కదా ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి! మీ షోకి బట్టలిచ్చేది మా ఓనరేనని నాకూ తెలుసులే.

నిన్న పరిహారం అడగడానికి డాక్టర్ కాగితాలు తీసుకెళితే మేనేజర్ లత్ఫీ నవ్వాడు. "ఏరా, మీ చెల్లెలే ట్యునీషియా అంతటికీ చెప్పిందిగా పుట్టుజబ్బని! ఇంక మాకేం సంబంధం? పోయి దానికి ఓటేసుకో" అన్నాడు.

శనివారం మైకు నీ చేతికొస్తుంది. వాళ్లు రాసిచ్చింది పక్కన పడేసి, పాటకి ముందు నిజం చెప్పు.

"దాన్నేం అనకురా, భయపడి ఉంటుంది" అంటోంది అమ్మ. మొన్న నీ పేరు పిలవగానే జొహ్రా అత్తా, వీధిలో ఆడవాళ్లూ సంతోషంతో నాలుక ఆడిస్తూ పెళ్లికేకలు తీశారు. ఒకప్పుడు అందరికంటే పొడుగ్గా తీసేది అమ్మే కదా. తనూ నోరు తెరిచింది. దగ్గొచ్చింది. నీ పాట వినపడదేమోనని దిండు అడ్డం పెట్టుకుని దగ్గింది.

ఇప్పుడు అమ్మ చోట ఇసుక కొడుతున్న
నీ అన్న