ఇనుప తలుపు గది

ఏప్రిల్ 7
నిన్న గుడిలో ఫాదర్‌గారితో చెప్పాను — ఇంట్లో మోకరించడానికి జానెడు చోటు లేదని. గదులు బావగారివి, అద్దెకున్న యూనివర్సిటీ కుర్రాళ్ళవి. ఈయనా నేనూ హాల్లో పరుపేసుకుంటాం. దానికి ఆయన సియన్నా కత్తెరీనమ్మ కథ చెప్పారు. పెళ్ళి వద్దన్నందుకు వాళ్ళమ్మ ఆమె గది లాక్కుని, ఇంటిచాకిరీ అంతా నెత్తిన వేసిందట. ఆ పునీతురాలు నాన్నని యేసుప్రభువనుకుని, అమ్మని మరియమ్మనుకుని, అన్నల్ని అపోస్తలులనుకుని వండిపెట్టిందట. "నువ్వూ అలా అనుకో తల్లీ."
అనుకోవడమేగా. గిన్నెలు ఆయన తోముతారా!

ఏప్రిల్ 8
మొదలుపెట్టాను. బావగారు యేసుప్రభువు. తోడికోడలు అక్క మరియమ్మ. కుర్రాళ్ళు అపోస్తలులు. ఈయన పేతురు — ప్రభువు ప్రార్థిస్తుంటే తోటలో నిద్రపోయినాయన. జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ చేసొచ్చి ఒకటే గురక.

ఏప్రిల్ 10
మరియమ్మ పప్పు నోట్లో పెట్టుకుని, "ఏమే, సముద్రం పక్కనే ఉందని ఉప్పు చవకనుకున్నావా?" అంది. అపోస్తలుడు వంశీ తడి సాక్సులు రైస్ కుక్కర్ మీద ఆరేశాడు. "త్వరగా ఆరతాయని అక్కా…"
ప్రభువా.

ఏప్రిల్ 14
వంటింటి పక్కన స్టోర్ రూము. బాంబులు పడితే దాక్కోవడానికని ఈ దేశపు ఫ్లాట్లలో కట్టే గది — కిటికీ లేదు, ఇనుప తలుపు. లోపల బియ్యం బస్తాలు, పాత పెట్టెలు, క్రిస్మస్ నక్షత్రం. బస్తాలు జరిపితే ఒక మనిషి మోకరించవచ్చు. బావగారిని అడగమని ఈయనతో అన్నాను. "అన్నయ్య మూడ్ చూసి అడుగుతాలే."

ఏప్రిల్ 18
మూడ్ ఇంకా కనబడలేదట.

ఏప్రిల్ 21
ఫాదర్‌గారిచ్చిన చిన్న పుస్తకం కూడబలుక్కుని చదువుతున్నాను. బడికి వెళ్ళని కత్తెరీనమ్మ పక్కవాళ్ళ చేత ఉత్తరాలు రాయించి, రోముకు తిరిగి రమ్మని పోప్‌గారినే గద్దించింది. ఆయన వచ్చాడు. అంతటి పోప్‌గారు కదిలాడు… మా ఇంట్లో నాలుగు బస్తాలు కదలవు.

ఏప్రిల్ 24
అద్దెకు ఇంకో కుర్రాడొస్తాడట. అతని పెట్టెలు స్టోర్ రూములోనేనని అక్క.
ఫాదర్‌గారు కథ సగమే చెప్పారు. మిగతా సగం పుస్తకంలో ఉంది. వండిపెట్టినంత మాత్రాన ఆమెకు గది రాలేదు. ఒకరోజు అందరి ముందూ నిలబడి, నా మాట ఇదీ అని చెప్పేసింది. అప్పుడిచ్చాడు వాళ్ళ నాన్న. నేనేమో ఇన్నాళ్ళూ ఉప్పు సరిచూసుకుంటూ కూర్చున్నాను!

ఏప్రిల్ 29
ఈరోజు ఆవిడ పండుగ. అందరూ అన్నం తింటుండగా గరిటె పక్కన పెట్టి — "బావగారూ, ఆ స్టోర్ రూము నాకు కావాలి. ప్రార్థనకి."
"ఏసీ కూడా పెట్టించమంటావా?" అక్క.
"అక్కకి నోరుంది రోయ్!" నన్ను చూసి వంశీ.
ఈయన కళ్ళతోనే కసిరారు. బావగారు పెరుగన్నం కలుపుతూనే ఉన్నారు. చివరికి, "చూద్దాం."

ఏప్రిల్ 30
లేచేసరికి ఇనుప తలుపు తీసి ఉంది. ఒక బస్తా వంటింట్లోకి వచ్చింది. బావగారు ఆఫీసుకి వెళ్ళిపోయారు. డబ్బాలో బియ్యం సగానికి పైనే ఉన్నాయి… మరి ఈ బస్తా వంటకా, నాకా? మిగతావి అక్కడే. కొత్త కుర్రాడు రేపు దిగుతాడు.
నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చుగా ఆ ప్రభువు! మళ్ళీ నేనే అడగాలి.